ఆయకట్టు మధ్యలో ఇళ్ల లేఅవుట్లు వస్తే చుట్టుపక్కల చేలకు ఏమవుతుంది?

ప్రశ్న: శివారు రైతు (రాజోలు వైపు)

సభ్యులందరికీ నమస్కారం. మాది రాజోలు దీవిలో 216వ నంబరు జాతీయ రహదారికి కొద్ది దూరంలో ఉన్న శివారు గ్రామం. పి.గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ పాయను దాటి వచ్చే కాలువ నీటితోనే మా చేలు పండుతాయి. మాకు సొంతంగా ఎకరంన్నర వరి భూమి ఉంది. దానిని ఆనుకుని మరో రెండెకరాలను నాన్నగారు ఎంతోకాలంగా కౌలుకు చేస్తున్నారు.

మా చేలకు ఎగువన, పుంత రోడ్డు పక్కన ఉన్న నాలుగెకరాల చేనును ఒక వ్యాపారి కొనుగోలు చేసి, రోడ్డు మట్టానికి మించి మెరక చేసి, ఇళ్ల స్థలాలుగా విడగొట్టి అమ్మకానికి పెట్టారు. ఆ చేను గట్టు వెంబడి మాకు నీరు తెచ్చే పంట బోదె (చిన్న కాలువ) ఇప్పుడు మట్టి కింద ఉంది. దాని స్థానంలో వేసిన సిమెంటు తూర (గొట్టం) సన్నది కావడంతో గడచిన సార్వా (ఖరీఫ్)లో ఊడ్పుల వేళకు నీరు ఆలస్యంగా అందింది. ఆ తరువాత కురిసిన వానలకు చేలో చేరిన నీరు బయటకు పోయే దారి లేక నిలిచిపోయి, కొత్తగా నాటిన మొక్క చాలాచోట్ల కుళ్లిపోయింది.

ఇప్పుడు మా చేలకు పడమటి వైపున మరో రెండెకరాలను పేదల ఇళ్ల స్థలాల కోసం తీసుకుంటారని గ్రామంలో చెప్పుకుంటున్నారు. స్థలాలు రావలసిన కుటుంబాలలో తరతరాలుగా మా చేలలో ఊడ్పులు ఊడ్చి, కోతలు కోసినవారే ఎక్కువ. వారికి ఇల్లు రాకూడదని మా ఇంట్లో ఎవరూ కోరుకోరు. అయితే రెండు వైపులా మెరక లేస్తే మధ్యలో మిగిలే పల్లంలో వరి ఎలా పండుతుందో మాకు తెలియడం లేదు. పైగా మేము కౌలుకు చేస్తున్న రెండెకరాల యజమాని వేరే ఊళ్లో స్థిరపడినవారు. ఆయనను కూడా కొనుగోలుదారులు సంప్రదిస్తున్నారని విన్నాము.

ఇటువంటి పరిస్థితిని చూసినవారు ఇక్కడ ఉంటే, కాలక్రమంలో చుట్టుపక్కల సాగు ఏ విధంగా మారిందో, బోదెను, మురుగు దారిని నిలబెట్టుకోవడానికి ఏమి చేయవచ్చో, కౌలు భూమి అమ్ముడైతే నాన్నగారికి చట్టం ఏదైనా ఆసరా ఇస్తుందో తెలియజేయగలరని కోరుతున్నాను.


సమాధానం: విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు (మధ్య డెల్టా)

బాబూ, మీరు రాసినది నేను ఉద్యోగంలో ఉన్న రోజులనుంచి అనేక గ్రామాలలో చూస్తూ వచ్చినదే. ముందుగా ఒక విషయం స్పష్టంగా చెబుతాను. నాలుగెకరాలను మెరక చేస్తే రికార్డులలో సాగు విస్తీర్ణం నాలుగెకరాలే తగ్గుతుంది. కానీ ఆ మెరకకు ఎగువన మురుగు ఆగిపోయిన చేలు, దిగువన నీరు అందని చేలు ఏ రికార్డులోనూ కనిపించవు. నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే.

ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వెంట తవ్విన కాలువలు మెరకలను పట్టుకుని నడుస్తాయి. రెండు కాలువల మధ్య ఉన్న పల్లాల వెంబడి మురుగు కాలువలు సాగుతాయి. కాలువ నుంచి తూము, తూము నుంచి బోదె, బోదె నుంచి చేను, చేను నుంచి దిగువ చేను, అక్కడినుంచి మురుగు బోదె, చివరకు పెద్ద డ్రెయిను. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ భూమి వాలు ఎంత స్వల్పమంటే, కొన్ని అంగుళాల తేడాతోనే నీరు ఏ దిక్కుకు పోవాలో నిర్ణయమవుతుంది. అటువంటి చోట నాలుగడుగుల ఎత్తున నాలుగెకరాల మట్టి దిబ్బను నిలబెడితే అది అడ్డుకట్టలాగే పనిచేస్తుంది.

మన పూర్వీకులు ఊళ్లను గరువుల (ఎత్తైన ఇసుక నేలల) మీద, కాలువ గట్లకు దగ్గరగా ఉన్న మెరకల మీద కట్టుకుని, పల్లాన్ని వరికి విడిచిపెట్టారు. ఇప్పుడు రోడ్డు ఎటు వెళితే ఇళ్లు అటు వెళుతున్నాయి. ఆ రోడ్లేమో చేలకు అడ్డంగా వేసినవి. జాతీయ రహదారి వెంట, మండల కేంద్రాల చుట్టూ జరుగుతున్నది ఇదే.

ఇక మట్టి సంగతి. ఒక ఎకరాన్ని ఒక మీటరు మెరక చేయడానికి సుమారు 4,047 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఆ మట్టి ఎక్కడినుంచి వచ్చిందో మీ ఊళ్లో కనుక్కోండి. నది మధ్య లంకల నుంచి తెచ్చి ఉండవచ్చు; లేదా మరో రైతు చేను తవ్వి అమ్మి ఉండవచ్చు. చేను ఒక మీటరు లోతున తవ్వితే అది మళ్లీ వరికి రాదు, చేపల చెరువుగానో రొయ్యల చెరువుగానో మారుతుంది. అప్పుడు ఆ చెరువు ఊట పక్క చేలకు తగులుతుంది. ఒకచోట ఇళ్ల స్థలాలు లేచినప్పుడు మరోచోట అంతే విస్తీర్ణం గొయ్యిగా మారుతోందని మనం గుర్తించడం లేదు. నా దృష్టిలో డెల్టాకు సంబంధించినంతవరకు ఇదే అన్నింటికంటే ఆందోళన కలిగించే అంశం, ఎందుకంటే లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు మట్టి ఎక్కడినుంచి వస్తుందని అడిగేవారు లేరు.

డ్రెయిన్ల పరిస్థితి మీకు తెలియనిది కాదు. మధ్య డెల్టాలో కౌశిక, కూనవరం, తూర్పున తుల్యభాగ, పడమట యనమదుర్రు వంటి పెద్ద డ్రెయిన్లన్నీ పూడికతో, గుర్రపుడెక్కతో, ఆక్రమణలతో ఇరుకై ఉన్నాయి. పోటు సమయంలో సముద్రపు నీరు వాటిలోకి ఎగదన్నుతుంది. మీకు దగ్గరలోనే, శంకరగుప్తం డ్రెయిను ద్వారా వచ్చిన ఉప్పునీటివల్ల కొబ్బరి తోటలు ఎండిపోయాయి. 2011లో కోనసీమ రైతులు దాదాపు లక్ష ఎకరాలలో సార్వా సాగు మానుకుని పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వారు ఎత్తి చూపిన ప్రధాన సమస్య ముంపే. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించవలసి వచ్చింది. 2022లో కొన్ని మండలాలలో మళ్లీ అదే మాట వినిపించింది. పెద్ద డ్రెయిన్లే మోయలేని స్థితిలో ఉన్నప్పుడు చేను దగ్గరి చిన్న మురుగు బోదెను కూడా పూడిస్తే నీరు ఎక్కడికి పోతుంది?

స్వర్ణ వంటి రకాలు ఎదిగిన తరువాత కొంత ముంపును తట్టుకుంటాయి. ముంపు భూములకోసమే మారుటేరు పరిశోధనా స్థానం నుంచి ఇంద్ర (ఎంటీయూ 1061), అమర (ఎంటీయూ 1064) వచ్చాయి. అయితే ఊడ్చిన తొలి రోజులలో మొక్క నీటిలో మునిగి ఉంటే ఏ రకమూ పూర్తిగా నిలవదు. కాబట్టి విత్తనం మార్చుకుంటే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే, అది కొంతవరకే నిజమని గ్రహించండి.

చేయవలసిన పనుల విషయానికి వస్తే, తూముకు దిగువన ఉన్న పంట బోదెలలో చాలావరకు రైతుల పట్టా భూములలోంచే పోతాయి, రికార్డులలో వాటికి విడిగా సర్వే నంబరు ఉండదు. అందుకే కొన్నవారు అది తమ భూమేనని సులభంగా పూడ్చివేస్తారు. కానీ ఒక దారిన ఇరవై ఏళ్లపాటు ఎడతెగకుండా, బహిరంగంగా, హక్కుగా నీరు పారించుకుంటూ వచ్చిన రైతుకు 1882 నాటి అనుభవ హక్కుల చట్టం రక్షణ ఇస్తుంది. ఆ బోదె కింద ఉన్న రైతులందరూ కలిసి, నీటి వినియోగదారుల సంఘం చేత తీర్మానం చేయించి, గ్రామ సచివాలయంలోను, జలవనరుల శాఖ అసిస్టెంటు ఇంజనీరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ సంఘాలను 1997 చట్టం ఏర్పరచినదే ఇటువంటి పనులకోసం. ఒక్కరే వెళితే అది ఇద్దరు ఇరుగుపొరుగుల తగాదాగా కనిపిస్తుంది. ఆయకట్టు మొత్తం వెళితే కాలువ సమస్యగా చూస్తారు.


సమాధానం: పేట ఆడపడుచు (అంబాజీపేట వైపు)

అన్నయ్య గారూ, మీరు స్థలాలు పొందబోయేవారిని శత్రువులుగా చూడకుండా రాసినందుకు సంతోషించి ఈ సమాధానం రాస్తున్నాను. మా కుటుంబం అటువంటి స్థలం పొందిన కుటుంబమే. మా పేటలో ఒకే కప్పు కింద ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు గడిచిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కోడలికి పురుడు వస్తే పడుకోవడానికి వేరే గది ఉండదు. గేదెను కట్టడానికి పుంత గట్టు తప్ప చోటు ఉండదు. డెల్టాలో ఖాళీ ప్రభుత్వ భూమి దాదాపు లేనందువల్ల, మాకు ఇవ్వాలంటే ఎవరో ఒక రైతు దగ్గర కొనవలసిందే. ఇందిరా ఆవాస్ రోజులనుంచి ఈ ఇబ్బంది ఉన్నదే.

2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో గ్రామాలలో ఒక్కో కుటుంబానికి సెంటున్నర చొప్పున ఇచ్చారు. సెంటున్నర అంటే సుమారు 72 గజాలు. ఇల్లు కట్టుకున్నాక గేదెకు గాని, గడ్డివాముకు గాని, పెరటిలో నాలుగు కూరగాయల పాదులకు గాని చోటు మిగలదు. వ్యవసాయ కూలీ కుటుంబానికి పాడి అనేది సగం జీవనాధారం. స్థలం వచ్చిన సంతోషంలో ఈ సంగతి మొదట మాకు తోచలేదు. అక్కడ కాపురం పెట్టాలనుకున్నప్పుడు తెలిసింది.

మాకు కేటాయించిన చేను పల్లం. మెరక తగినంత చేయకుండానే హద్దురాళ్లు పాతారు. వానాకాలం వచ్చేసరికి స్థలాలలో మోకాలి లోతు నీరు నిలిచింది. ఇంటికి అప్పట్లో ప్రభుత్వం ఇచ్చిన 1 లక్షా 80 వేల రూపాయలలో పునాదిని రోడ్డు ఎత్తుకు తేవడానికే ఎంతో ఖర్చయింది, మిగతాది డ్వాక్రా రుణంతోను, నగలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతోను పూర్తిచేశారు. కొందరు ఇప్పటికీ పునాది దగ్గరే ఆగిపోయారు. అదే సమయంలో పక్క చేల రైతులు, మా కాలనీవల్ల తమ చేలు మునుగుతున్నాయని మాతో తగవు పడ్డారు. వారి మాటలోనూ నిజముంది. కానీ ఆ చేనును ఎంపిక చేసింది మేము కాదు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచినది ఒకటుంది. రోడ్డు పక్కన ఉన్న మెరక భూములన్నీ ప్రైవేటు లేఅవుట్లకు పోయి, వాటి ధర పేదల పథకాలకు అందనంతగా పెరిగింది కాబట్టే, మా వంతుకు పల్లపు చేలు వచ్చాయి. ఆ లేఅవుట్లలో అమ్ముడైన స్థలాలు చాలావరకు గల్ఫ్‌లో ఉన్నవారివి, పట్టణాలలో ఉద్యోగాలు చేసేవారివి. ఏళ్లు గడిచినా అక్కడ ఇల్లు లేవదు, పిచ్చిమొక్కలు లేస్తాయి. ఇల్లు కావలసినవారు నీటిలో ఉన్నారు, ఇల్లు అక్కరలేనివారి స్థలం మెరక మీద ఖాళీగా ఉంది. రాజమహేంద్రవరం పేదల కోసం 2020లో కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములను ఎంపిక చేసినప్పుడు కూడా, అవి మునిగే పల్లపు భూములన్న అభ్యంతరంతోనే వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది.

మరో సంగతి పనిదినాల గురించి. కోత యంత్రాలు వచ్చిన తరువాత మాకు చేలలో మిగిలినది ముఖ్యంగా ఊడ్పులు, కలుపుతీత. చేను లేఅవుట్‌గా మారితే ఆ పని కూడా పోతుంది. ఇళ్ల నిర్మాణంలో మగవారికి తాపీపని, సెంట్రింగు పని దొరుకుతాయి గాని, ఆడవారికి దొరికేది తక్కువ. దొరికినా ఇటుకలు, ఇసుక మోసే పని. మా ఊడ్పు ముఠాలో వయసు మళ్లినవారు ఆ బరువు మోయలేరు.

కాబట్టి మీ పడమటి వైపు చేను నిజంగా ఎంపికైతే, స్థలాలు రావలసిన కుటుంబాలతో మీరే ముందుగా మాట్లాడండి. మురుగు దారి ఉంచి, మెరక సరిగా చేసి ఇవ్వాలని రైతులూ, కూలీలూ ఒకే అర్జీ మీద సంతకాలు పెడితే దానికి వచ్చే బలం వేరు. రైతులు మాత్రమే వెళితే పేదల ఇళ్లను అడ్డుకుంటున్నారన్న మాట వస్తుంది, ఆ తరువాత మీరు చెప్పేది ఎవరూ వినరు.


సమాధానం: కౌలుదారుల పక్షం (పాలకొల్లు వైపు)

మీ మూడో ప్రశ్నకు సమాధానం రాస్తాను. ఆంధ్ర ప్రాంతానికి వర్తించే 1956 నాటి కౌలు చట్టంలో, భూమిని అమ్మదలచిన యజమాని ముందుగా సాగులో ఉన్న కౌలుదారుకు తెలియజేసి, కొనే అవకాశం ఇవ్వాలన్న నిబంధన ఉంది. అయితే డెల్టాలో కౌళ్లు దాదాపుగా నోటిమాట మీద నడుస్తాయి. మీ నాన్నగారు సాగుచేస్తున్నట్టు రుజువు లేకపోతే ఆ నిబంధన అక్కరకు రాదు. పైగా లేఅవుట్ ధరకు కొనగలిగిన కౌలురైతు ఎవరు? 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పదకొండు నెలలకు మాత్రమే చెల్లుతుంది, దానికి యజమాని సమ్మతి కావాలి. అది పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి ఉపయోగపడుతుందే గాని భూమిమీద హక్కు ఇవ్వదు. అయినప్పటికీ ఆ కార్డు తీసుకోవడం మంచిది. భూసేకరణ జరిగితే, ఆ భూమి మీద బతుకుతున్న కుటుంబంగా మీ పేరు ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి.

2013 భూసేకరణ చట్టం, నీటి వసతి ఉండి ఒకటి కంటే ఎక్కువ పంటలు పండే భూమిని వేరే దారి లేనప్పుడు మాత్రమే తీసుకోవాలని చెబుతుంది, సేకరణవల్ల బతుకుతెరువు కోల్పోయే కౌలుదారులను, కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. కానీ రాష్ట్రం 2018లో చేసిన సవరణతో, పేదల గృహనిర్మాణం వంటి అవసరాలకు సామాజిక ప్రభావ అంచనా నుంచి, బహుళ పంటల భూములకున్న ఆ రక్షణ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ఇక రైతును ఒప్పించి నేరుగా కొనుగోలు చేసినప్పుడు, లేదా ప్రైవేటు వ్యాపారి కొన్నప్పుడు, కౌలుదారు ప్రస్తావనే రాదు. యజమానికి ధర వస్తుంది. ఆ చేలో ఎరువు పోసి, గట్లు కట్టి, నేలను నిలబెట్టిన మనిషికి ఒక్క రూపాయి రాదు. ఈ అన్యాయం నాకు నిద్ర పట్టనివ్వని విషయం.

దీని ప్రభావం అమ్ముడైన చేనుతో ఆగదు. ఊళ్లో పది ఎకరాలు లేఅవుట్లకు పోతే, ఆ పది ఎకరాలు చేసిన కౌలురైతులు మిగిలిన చేలకోసం పోటీపడతారు, దాంతో శిస్తు (యజమానికి ఇచ్చే కౌలు) పెరుగుతుంది. భూమి ధర పెరిగిందని యజమాని కూడా శిస్తు పెంచాలని చూస్తాడు. ధర ఎంత పెరిగినా ఆ నేల ఇచ్చే వడ్లు పెరగవు కదా. మరికొందరు యజమానులు, కౌలుదారు ఉంటే అమ్మకానికి అడ్డు వస్తాడన్న భయంతో చేనును బీడు పెడతారు. బీడు పడిన చేలో కలుపు గింజ రాలి, ఎలుకలు చేరి పక్క చేలను పాడుచేస్తాయి.

ఇళ్లు వచ్చిన తరువాత ఎదురయ్యే ఇబ్బందులు కూడా చెబుతాను, మా వైపు వాటిని బాగా చూశాము. కాలనీ వాడుక నీరు పంట బోదెలోకి వదులుతారు. ఆ నీటిలోని పోషకాలకు చేను విపరీతంగా ఏపుగా పెరిగి, ఈనిన తరువాత పడిపోతుంది. ఆ నీటిలో దిగితే కాళ్లు దురద పెడతాయని ఊడ్పులకు ఎవరూ రారు. బోదె నిండా ప్లాస్టిక్ సంచులు, సీసా పెంకులు. వీధి దీపాల వెలుగు రాత్రంతా పడేచోట దీర్ఘకాలిక వరి రకాలు సకాలంలో ఈనవు. దీపస్తంభం చుట్టూ పచ్చగా మిగిలిన మడి కోతలనాటికి కూడా కనిపిస్తుంది. ఇళ్ల పక్కన పురుగుమందు కొట్టాలంటే వారికి భయం, మనకూ భయం. వడ్లు ఆరబోసుకునే కళ్లం చోటు పోతుంది, రోడ్డు మీద ఆరబోస్తే ప్రమాదాలు.


సమాధానం: ఎకరం అమ్మినవాడు (రావులపాలెం వైపు)

అందరూ బాగా రాశారు గాని, అమ్మిన రైతు మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను. నాకు రెండెకరాలు ఉండేవి. ఎకరం లేఅవుట్‌కు అమ్మి, వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చి, కుమార్తె చదువు పూర్తిచేయించాను. సాగు మీద ఆ అప్పు తీరే మార్గం నాకు కనిపించలేదు. చేను అమ్మిన రైతును ఊరికి ద్రోహం చేసినవాడిగా చూడవద్దని నా మనవి. వరి గిట్టుబాటు అయితే ఎవరూ అమ్ముకోరు. అయితే మిగిలిన నా ఎకరానికి ఇప్పుడు అదే లేఅవుట్ అడ్డుగా నిలిచింది; అమ్మేముందే బోదె సంగతి కాగితం మీద రాయించుకోవలసిందని ఎవరైనా నాకు చెప్పి ఉంటే మేలు జరిగేది. అమ్మేవారు దస్తావేజులోనే హద్దులతో పాటు బోదె వెడల్పు, మురుగు దారి వెడల్పు రాయించి, వాటిని పూడ్చరాదని షరతు పెట్టవచ్చు. కొనేవాడికి ఆ ఎకరం కావలసి ఉన్న సమయంలో ఒప్పుకుంటాడు. రిజిస్ట్రేషన్ అయిన మరుసటి రోజు ఒప్పుకోడు.


శివారు రైతు

మీ అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఇవన్నీ చదివి వినిపించాను. అర్జీ విషయంలో సోదరి గారు చెప్పిన మార్గాన్నే అనుసరించాలని అనుకుంటున్నాము. పేట పెద్దలతో మాట్లాడితే వారు కూడా ఆ చేను పల్లమన్న భయంతోనే ఉన్నారని తెలిసింది. గరువు మీద ఒక మెరక చెక్క ఉందని, దాని యజమాని అమ్మడానికి సుముఖంగా ఉన్నారని వారే చెప్పారు. ధర ఎక్కువైనా మెరక చేసే ఖర్చు తగ్గుతుంది కాబట్టి రెండింటి లెక్కా పక్కపక్కన వేసి అధికారులకు చూపాలని నిర్ణయించుకున్నాము. ఎగువన ఇప్పటికే మెరక చేసిన లేఅవుట్ విషయంలో మాత్రం, తూర మార్పించడానికి సరిగా ఏమి అడగాలో వర్క్ ఇన్‌స్పెక్టరు గారు ఇంకొంచెం వివరిస్తే మేలు.


విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు

రెండు లెక్కలూ పక్కపక్కన చూపించాలన్న మీ ఆలోచన సరైనది. పల్లపు చేను ధర తక్కువగా కనిపించేది మెరక ఖర్చు వేరే పద్దులో పడుతుంది కాబట్టే. ఆ ఖర్చులో మట్టి, రవాణా, తూరలు, రోడ్డు, మురుగు కాలువ అన్నీ చేర్చండి.

ఇక తూర సంగతి. చాలాచోట్ల చేసే పొరపాటు, నీరు రావడానికీ మురుగు పోవడానికీ కలిపి ఒకే తూర వేయడం. మీకు రెండు వేరువేరు దారులు కావాలి. నీరు తెచ్చే తూర అడుగు పాత బోదె అడుగు మట్టానికే ఉండాలి. ఎత్తుగా వేస్తే కాలువలో నీరు నిండుగా ఉన్నప్పుడు తప్ప మీకు అందదు. మురుగు పోయే తూర అడుగు మీ చేను మట్టంకంటే తక్కువలో ఉండి, అవతలి మురుగు బోదె వైపుకు వాలు ఉండాలి. లేఅవుట్ పొడవునా పూర్తిగా తూర వేయడంకంటే గట్టు పక్కన తెరిచిన కాలువ వదలమని అడగడం మేలు, ఎందుకంటే అంత పొడవైన తూరలో పూడిక పడితే తీసే మార్గం ఉండదు. తెరిచిన కాలువ సాధ్యం కాదంటే, మధ్య మధ్య మనిషి దిగి పూడిక తీసే గుంటలు పెట్టించండి.

ఈ పని దాళ్వా (రబీ) కోతల తరువాత కాలువలు కట్టివేసిన రోజులలోనే జరగాలి. నీరు వదిలాక ఎవరూ తవ్వనివ్వరు. సంఘం తీర్మానం, రైతుల సంతకాలు ఇప్పుడే ఇచ్చి, ఇంజనీరు గారిని, గ్రామ సర్వేయరును ఒకేరోజు చేను దగ్గరకు రప్పించండి. అక్కడ లెవలింగు పరికరంతో పాత బోదె అడుగు మట్టం, మీ చేను మట్టం, మురుగు బోదె అడుగు మట్టం మూడూ తీయించి, తేదీతో పంచనామాలో రాయించి, లేఅవుట్ యజమాని చేత కూడా సంతకం పెట్టించండి. స్పందన లేకపోతే సోమవారంనాడు కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ పంచనామా నకలు జతచేసి అర్జీ ఇచ్చి, రసీదు నంబరు తీసుకోండి.